గ్యాసునూనె వాసన

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిన వారంలో చలి ఒక్కసారిగా దిగింది. అలాంటి ఒక పొద్దున మా అల్లుడి ట్రాలీకి క్లచ్ పని పడి వరంగల్ ఆటోనగర్ పోయాను. ఎనిమిదవుతున్నా మంచు విడవలేదు. షెడ్డు షట్టర్ సగమే లేచి ఉంది. లోపల పద్దెనిమిదేళ్ళ పిల్లగాడు పీట మీద కూర్చుని రేకు తట్టలో బేరింగులు కడుగుతున్నాడు. పాత పళ్ళ బ్రష్షు, నల్లబడ్డ గుడ్డముక్క, తట్టలో నీలంగా గ్యాసునూనె, అదే కిరోసిన్. మూలన చుట్టిపెట్టిన చద్దర్లు, పక్కనే ఒక పంపు స్టవ్వు.

"కాకా, జర పక్కకు జరుగు, మీద పడ్తది" అన్నాడు.

జరిగాను గానీ ఆ వాసన ముక్కుకు తగిలాక ఏ పని మీద వచ్చానో కాసేపు గుర్తు రాలేదు. రేషన్ షాపుల ముందు క్యాన్లు పట్టుకుని నిలబడే లైన్లు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఇళ్ళల్లో ఆ వాసనే లేదు. నాకు మాత్రం అది రెండు చోట్ల ఉండిపోయింది. ఒకటి మా అవ్వ దగ్గర, పరకాల దిక్కు మా పల్లెలో. రెండోది లద్దాఖ్ కొండల్లోని ద్రాస్‌లో.

* * *

మా అవ్వ పొద్దుగూకే ముందు కందీలు గాజును బూడిదతో తుడిచేది. ఎక్కబుడ్డిలో నూనె పోసి, వత్తి పైకి లాగి, ఆ చెయ్యి కొంగుకు తుడుచుకునేది. అదే చెయ్యి మా తల మీద పెట్టేది. అందుకే చలికాలం రాత్రి అంటే నాకు ఆ వాసనే గుర్తు. బాపు మక్క చేనుకు కావలి పోయేవాడు. నల్ల గొంగడి తల మీద నుంచి కప్పుకుని, చేతిలో బ్యాటరీ లైటు. పొద్దున తిరిగొచ్చేసరికి గొంగడి మీద మంచు బొట్లు తెల్లగా మెరిసేవి. ఒక్కసారి విదిలిస్తే రాలిపోయేవి. లోపల ఒళ్ళు పొడిగానే ఉండేది.

నేను ఆర్మీలో డ్రైవర్‌గా చేరి, బెంగళూరులో ట్రైనింగ్ అయ్యాక పోస్టింగ్ కశ్మీర్ వైపు పడింది. కాజీపేటలో దక్షిణ్ ఎక్కించడానికి బాపు వచ్చాడు. బండి కదిలేముందు గొంగడి మడత నా చేతికిచ్చాడు.

"గవర్నమెంటోళ్ళు కోట్లు ఇస్తరు గద బాపూ" అన్నాను.

"ఇయ్యనీ. ఇది గూడ ఉంచుకో. తడిసినా ఎచ్చగుంటది."

అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. బాపు ఎన్నడూ హైదరాబాద్ దాటినవాడు కాదు, మంచుకొండ చూసినవాడు కాదు. కానీ ఉన్ని గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పత్తి బట్ట తడిస్తే ఒంట్లో ఉన్న వేడి లాగేస్తుంది, ఉన్ని తడిసినా కొంత వేడి నిలుపుతుంది. తర్వాత ఆర్మీ క్లాసులో అదే చెప్పారు, హిందీలో.

* * *

శ్రీనగర్ నుంచి లేహ్ పోయే రోడ్డు మీద సోనమర్గ్ దాటితే జోజిలా కనుమ, 11,500 అడుగుల పైన. అది దాటి దిగితే గుమ్రి, మతాయన్, ఆ తర్వాత ద్రాస్. దాదాపు 10,800 అడుగులు. మనుషులు నివసించే చోట్లలో ప్రపంచంలోనే రెండో అతి చల్లని ఊరు అని అక్కడ బోర్డు ఉంటుంది. మన వరంగల్ సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లు కూడా ఉండదు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన వరంగల్‌ను ఎత్తి ద్రాస్ ఎత్తున పెడితేనే ఇరవై డిగ్రీలు పడిపోతుంది. ఇక ఆ ఉత్తరాది చలి, ఆ గాలి దానికి అదనం. మేం మైనస్ 25 చూశాం. డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల కాలాన్ని కశ్మీర్‌లో చిల్లై కలాన్ అంటారు. మనకు ధనుర్మాసం ముగ్గులు, హరిదాసులు, సంక్రాంతి వచ్చే రోజులే అవి.

మొదటి చలికాలం ఇంటికి ఉత్తరం రాశాను. నీలి రంగు ఇన్‌లాండ్, పైన కేరాఫ్ 56 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు. "ఇక్కడ మంచు బాగా పడుతున్నది" అని రాశాను. ఇరవై రోజులకు జవాబు వచ్చింది, అవ్వ చెప్తుంటే చెల్లె రాసింది. "ఇక్కడ గూడ మంచు బాగనే పడుతున్నది బిడ్డా, మిరప తోటకు తెగులు తగిలింది. చెవులకు రుమాలు కట్టుకో."

ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అవ్వ తప్పేం లేదు. పొద్దున గడ్డి మీద కనిపించేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, కొండ మీద నడుం లోతు పడేదీ మంచే, అద్దంలా గట్టిపడేదీ మంచే. మనకు అన్నిటికీ ఒకటే మాట, ఎందుకంటే మనల్ని ఏదీ చంపదు. అక్కడ మాత్రం దేని పేరు దానికి ఉంటుంది. మా ఉస్తాద్ గఢ్వాల్ మనిషి, హవల్దార్, కొండల్లోనే పుట్టినవాడు. పొగమంచు కోహ్రా. కొండ మీద పడేది బర్ఫ్. రాత్రి కురిసి రోడ్డు మీద కంటికి కనపడకుండా గట్టిపడేది పాలా. "బర్ఫ్ కనపడుతుంది కాబట్టి జాగ్రత్త పడతావు. పాలా కనపడదు. అది నిన్ను చూస్తుంది" అనేవాడు.

బూటు కింద చప్పుడు విని చలి ఎంతుందో చెప్పేవాడు. చలి తక్కువైతే మంచు మెత్తగా అణిగిపోతుంది, చప్పుడు రాదు. బాగా ముదిరితే కొత్త తోలు చెప్పుల్లా కిర్రు కిర్రుమంటుంది. పొద్దున లేచి బయట నాలుగడుగులు వేసి వచ్చి, "ఇవాళ లోహం ముట్టకండి" అనేవాడు. ఉత్త చేత్తో స్పానర్ పట్టుకుంటే వేళ్ళ చర్మం దానికే అతుక్కునేది. లాగితే చర్మం స్పానర్‌తోనే పోతుంది.

* * *

డ్రైవర్ పని అక్కడ రోడ్డు మీద సగం, రాత్రి బండిని నిద్రపుచ్చడం సగం.

శక్తిమాన్ బండ్లు మావి. సాయంత్రం పార్కింగ్‌కు రాగానే చక్రాల కింద గోనె సంచులు గానీ చెక్కలు గానీ వేసేవాళ్ళం. లేకపోతే తడి టైరు రాత్రికి నేలకు అతుక్కుపోతుంది. హ్యాండ్ బ్రేక్ వేయకూడదు. బ్రేక్ తడిగా ఉంటే లోపల షూ డ్రమ్ముకు పట్టుకుని గడ్డకడుతుంది, పొద్దున చక్రం తిరగదు. గేరులో పెట్టి చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. రేడియేటర్ నీళ్ళు దింపేయాలి. ఒక్క చుక్క మరిచిపోతే గడ్డకట్టి ఉబ్బి గొట్టం పగిలిపోతుంది. నీళ్ళకున్న ఆ బలం చూసి నాకు మొదట్లో నమ్మకం కలగలేదు. ఒకసారి తాగే నీళ్ళ జెర్రీక్యాన్ పొద్దుటికి నడిమికి చీలి ఉంటే అప్పుడు నమ్మాను.

డీజిల్ ఇంకో కథ. చలికి డీజిల్‌లో ఉన్న మైనం తేలి, ముందు మబ్బుగా అవుతుంది, తర్వాత పేరుకున్న నెయ్యిలా అవుతుంది. ఫిల్టర్ మూసుకుపోతుంది. అందులో గ్యాసునూనె కలిపేవాళ్ళం. అయినా కదలకపోతే ట్యాంకు కింద రేకు డబ్బాలో మంట పెట్టేవాళ్ళం. డీజిల్ ట్యాంకు కింద మంట! ఇక్కడ ఎవరికైనా చెప్తే నమ్మరు. లద్దాఖ్‌లో లారీ డ్రైవర్లందరూ అదే చేసేవాళ్ళు. 2019లో ఇండియన్ ఆయిల్ వాళ్ళు లద్దాఖ్ కోసం ప్రత్యేకంగా చలికాలపు డీజిల్ తెచ్చారు, మైనస్ 33 వరకు గడ్డకట్టదట. ఆ వార్త చదివిన రోజు పేపర్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఇక చైన్లు. మంచు రోడ్డు మీద వెనక చక్రాలకు ఇనుప గొలుసులు వేయాలి. చక్రం వెనకాల గొలుసును చాపలా పరిచి, బండిని దాని మీదికి రివర్స్ చేసి, రెండు కొసలూ పైకి లాగి, ముందు లోపలి కొక్కెం, తర్వాత బయటి కొక్కెం తగిలించాలి. లోపలి కొక్కెం కనపడదు. బండి కింద వెల్లకిలా పడుకుని తడుముకుంటూ వెతకాలి. మందం గ్లవ్స్‌తో అది పట్టు చిక్కదు. గ్లవ్స్ తీస్తే ఇనుము చేతిని పట్టుకుంటుంది. లోపల సన్నటి నూలు గ్లవ్స్ వేసుకుని, ఉస్తాద్ గడియారం చూస్తుండగా ఒక నిమిషం పని, రెండు నిమిషాలు చంకలో చేతులు. మళ్ళీ ఒక నిమిషం. నాలుగు వేళ్ళలో స్పర్శ పోయి చెక్కముక్కల్లా అయ్యాయంటే ఆపేయాలి. రుద్దకూడదు, మంట మీద పెట్టకూడదు. గోరువెచ్చని నీళ్ళలోనో, పక్కవాడి పొట్ట మీదో పెట్టాలి. మా బ్యాచ్‌లో ఒకతను తొందరపడి బుఖారీ పొయ్యి రేకుకు వేళ్ళు ఆనించాడు. మొద్దుబారిన వేళ్ళకు కాలుతున్న సంగతి తెలియలేదు. రెండు వేళ్ళ కొసలు పోయాయి.

చైన్లు తగిలించి ఒక కిలోమీటరు పోయాక మళ్ళీ ఆపి బిగించాలి. మంచు లేని చోట తీసేయాలి, లేకపోతే గొలుసు తెగి చక్రానికి చుట్టుకుంటుంది. ఇలా ద్రాస్ నుంచి కార్గిల్ దాకా అరవై కిలోమీటర్లలో ఎన్నిసార్లు వేసి తీసేవాళ్ళమో లెక్క లేదు. ఎండ తగిలే మలుపులో తారు పొడిగా ఉంటుంది. వెంటనే వచ్చే నీడ మలుపులో పాలా. పన్నెండైనా కరగదు. ఒకరోజు మా ముందు బండి అలాంటి మలుపులోనే చప్పుడు లేకుండా పక్కకు జారింది. బ్రేకు కీచుమనలేదు, ఏమీ లేదు. ఎవరో చేత్తో పక్కకు నెట్టినట్టు నదివైపు వెళ్ళి, రోడ్డు అంచున ఉన్న రాళ్ళకు తగిలి ఆగింది. అందులోని డ్రైవర్ దిగి ఆ రాళ్ళకు దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

* * *

బుఖారీ అంటే రేకు పొయ్యి. ఒక పక్కన చిన్న ట్యాంకులో గ్యాసునూనె, అక్కడి నుంచి చుక్క చుక్కగా పొయ్యిలోకి దిగుతుంది. పైన పొగగొట్టం షెల్టర్ కప్పు దాటి బయటికి పోతుంది. ఆ చుక్కలు పడుతుంటే టప్, టప్ అని సన్నటి చప్పుడు. రాత్రంతా అది వినపడుతూ ఉండేది. ఆ షెల్టర్‌లో అన్నిటికీ ఆ వాసనే. చద్దరుకు, చపాతీకి, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరానికి కూడా. మొదటి నెలలో ఆ వాసనకు మా అవ్వ చెయ్యి నా తల మీద ఉన్నట్టే అనిపించి హాయిగా నిద్ర పట్టేది.

ఉస్తాద్ రోజూ పడుకునే ముందు కిటికీ తలుపు కొద్దిగా తెరిచి, మూసుకుపోకుండా ఆ సందులో ఖాళీ పాల డబ్బా ఒకటి అడ్డం పెట్టేవాడు. బయట మైనస్ ఇరవై. ఆ సందు నుంచి గాలి కత్తిలా వచ్చి సరిగ్గా మా మొహాల మీదే పడేది. ఆయన గురక మొదలవగానే మాలో ఎవరో ఒకరు లేచి డబ్బా తీసి కిటికీ మూసేసేవాళ్ళు. నేనూ రెండు మూడు సార్లు తీశాను. ఆయన ఎప్పుడు లేచేవాడో తెలియదు, పొద్దుటికి డబ్బా మళ్ళీ సందులోనే ఉండేది. తిట్టేవాడు కాదు. ఎవరు తీశారని అడిగేవాడు కాదు.

ఆ చలికాలం మధ్యలో, మాకు కొంచెం దూరంలో ఉన్న ఒక షెల్టర్‌లో ఇద్దరు పడుకున్నారు. మూడు రోజులుగా గాలి దుమారం. కిటికీ సందులన్నీ పాత పేపర్లతో, టేపుతో అతికించుకున్నారు. బయట పొగగొట్టం మూతిని మంచు పూడ్చేసింది. పొద్దున చాయ్ తీసుకుపోయిన కుర్రాడు తలుపు కొట్టి కొట్టి, అందరినీ పిలుచుకొచ్చాడు. మేం తలుపు విరగ్గొట్టాం. ఒకతను తలుపు దగ్గర వాంతి చేసుకుని పడి ఉన్నాడు. బయటికి లాగితే కాసేపటికి మెలకువ వచ్చింది. ఇంకొకతను మంచం మీద చద్దరు గదవ దాకా కప్పుకుని పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి. అందుకే నేను చాలాసేపు ఆయన చనిపోయాడంటే నమ్మలేదు. నూనె అయిపోయి బుఖారీ ఎప్పుడో ఆరిపోయింది. దాని మీద పెట్టిన కెటిల్‌లో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనకు తెలిసేది నూనె వాసన మాత్రమే. మన రక్తం ఆక్సిజన్ కన్నా దాన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి వస్తుంది, మత్తుగా ఉంటుంది, చలిలో పని చేసి అలిసినవాడికి అది నిద్రే అనిపిస్తుంది. లేవాలని తెలిసేసరికి కాళ్ళు లేవవు. మంచులో ఆగిపోయిన బండిలోనూ ఇదే జరుగుతుంది. హీటర్ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచుతారు, వెనకాల సైలెన్సర్ మంచులో మునుగుతుంది, పొగ కేబిన్‌లోకి తిరుగుతుంది. అక్కడ నేను చూసినంతలో చలి మనిషిని ఎదురుగా వచ్చి కొట్టింది తక్కువ. వెచ్చగా ఉన్నప్పుడు, ఎండ కాసినప్పుడు, ఇక ఫరవాలేదని ఒళ్ళు చెప్పినప్పుడే పోయారు.

ఆ రోజు తర్వాత పాల డబ్బాను ఎవరూ ముట్టలేదు. గాలికి డబ్బా వణికి కిటికీ చెక్కకు తగులుతూ ఉండేది. ఆ చప్పుడు వింటేనే నాకు నిద్ర పట్టేది.

* * *

ఎండ అంటే గుర్తొచ్చింది. జోజిలా చలికాలం అంతా మూసి ఉండేది. నవంబర్ లోపలే ఆరు నెలల సరుకు పైకి చేర్చాలి. పప్పు, బియ్యం, నూనె డ్రమ్ములు, మందులు. ఒక ఏడాది ఖాళీ బండ్లతో ఆఖరి కాన్వాయ్‌లో తిరిగి దిగుతున్నాం. గుమ్రి దగ్గర ఆపేశారు. రెండు రోజులు వదలకుండా మంచు పడింది. మూడో రోజు పొద్దున ఆకాశం నీలంగా కడిగినట్టు ఉంది. అందరికీ ఉత్సాహం. ఇక పోదాం అంటే పోదాం. ఇటుపక్క చలికి చిక్కుకుంటే ఏప్రిల్ దాకా ఇల్లు లేదు.

ఉస్తాద్ మాత్రం బండి దిగి వాలు మీద పది అడుగులు వేశాడు. నేను పక్కనే ఉన్నాను. కాలి కింద మంచు ఒక్కసారి దిగబడి "వుఫ్" అంది. చెవికి వినపడిన దానికన్నా కడుపులో తగిలిందే ఎక్కువ. ఆయన అలాగే వెనక్కి అడుగులు వేసి వచ్చి, ఈ ఎండలో బండి కదలదని కాన్వాయ్ కమాండర్‌కు చెప్పాడు. కమాండర్ వయసులో చిన్నవాడైనా ఆ మాట విన్నాడు. నేను ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అది ఎందుకో ఉస్తాద్ చెప్పింది నాకు మా ఏనుమాముల మార్కెట్ ద్వారా అర్థమైంది. నేల మీద పోసిన మక్కల కుప్ప నిలబడుతుంది. అవే మక్కలు వాలు రేకు మీద పోస్తే కాసేపు ఆగినట్టే ఆగి, ఒక్కసారిగా మొత్తం జారుతాయి. పాత మంచు పైన గట్టిపడి రేకులా ఉంటుంది. దాని మీద రెండడుగుల కొత్త మంచు. రెంటికీ అతుకు లేదు. ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలు అన్నిటికన్నా ప్రమాదం. అంతకన్నా నిట్రంగా ఉంటే ఎప్పటికప్పుడు రాలిపోతుంది, పేరుకోదు. పెద్ద మంచు పడ్డాక ఒకటి రెండు రోజులు, అందులోనూ మధ్యాహ్నం ఎండ.

ఒంటిగంట దాటాక, మేం దాటాల్సిన షైతానీ నాలా వైపు కొండ జారింది. ముందు ఒక గీత కనిపించింది, తెల్ల చీర మీద చిరుగులా. తర్వాత పొగ. చప్పుడు వెంటే గాలి వచ్చి తగిలి, ఎదురుగా ఉన్న బండి టార్పాలిన్ పటపటలాడింది. ఎవరూ మాట్లాడలేదు. అక్కడ ఆ సమయానికి ఉండాల్సింది మా పద్నాలుగు బండ్లు.

సరిహద్దు రోడ్లు చూసే బీఆర్వో వాళ్ళ డోజర్లు రెండు రోజులు తీశాయి. జారిన మంచు మెత్తగా ఉండదు, సిమెంటులా గట్టిపడుతుంది. గడ్డపారకు కూడా ముక్కలుగా వచ్చేది. మూడో నాడు తెల్లవారుజామున మూడింటికి, అన్నీ గట్టిగా గడ్డకట్టి ఉన్నప్పుడు, ఒక్కో బండీ వెనక బండికి దూరం వదిలి దాటాం. హారన్ కొట్టొద్దనేవాళ్ళు. హారన్‌కు కొండ జారదని తర్వాత తెలుసుకున్నాను. కిటికీ అద్దాలు దించమన్నది మాత్రం సరైన మాట, పైనుంచి వచ్చే చప్పుడు వినపడాలి కదా. నడుముకు ఎర్ర తాడు కట్టుకుని, దాని కొస వదిలేసి కూర్చున్నాం. మనిషి మునిగినా తాడు పైన తేలితే దాన్ని పట్టుకుని తవ్వుతారు. మొదటి పావుగంటలో తీస్తేనే ఎక్కువమంది బతుకుతారు. ఆ పావుగంట కోసమే ఆ తాడు.

* * *

జగిత్యాల తమ్ముడు ఒకడుండేవాడు, మా ప్లాటూన్‌లో నేను కాక వాడొక్కడే తెలుగువాడు. సంక్రాంతికి నా ఇంటి నుంచి సకినాలు పార్శిల్ వస్తే వాటిని ఇద్దరం లెక్కపెట్టుకుని తినేవాళ్ళం. మామిడికాయ తొక్కు నూనె గడ్డకట్టి, సీసాను గంట సేపు బుఖారీ పక్కన పెడితేగానీ చెంచా దిగేది కాదు. సకినాలు మాత్రం ఎప్పటిలాగే కరకరలాడేవి. పప్పు ఎంత ఉడికించినా అక్కడ పలుకు పోదు, నీళ్ళు తొంభై డిగ్రీల లోపే మరిగిపోతాయి కాబట్టి. ప్రెషర్ కుక్కర్ లేనిదే పప్పుచారు లేదు. నువ్వుల వాసన వచ్చే ఆ సకినం ఒక్కటే అచ్చంగా ఇంటి రుచితో ఉండేది.

వాడు చెల్లె పెళ్ళికి సెలవు పోయి నెల తర్వాత హెలికాప్టర్‌లో తిరిగొచ్చాడు. పాతవాణ్ణే కదా అని రెండో రోజే డ్రమ్ములు మోశాడు. అక్కడ గాలి ఒత్తిడి కింద ఉన్నదానిలో మూడింట రెండొంతులే. అందుకే తొమ్మిది వేల అడుగులు దాటితే మొదట ఆరు రోజులు ఒళ్ళు అలవాటు చేసుకోవాలని నియమం. సెలవు నుంచి వచ్చినవాడు మళ్ళీ కొత్తవాడే. మూడో రాత్రి వాడికి దగ్గు. అన్నా, ఏం లేదు, జలుబు అన్నాడు. పడుకోలేక కూర్చున్నాడు. ఉస్తాద్ వాడి వీపుకు చెవి ఆనించి విన్నాడు, నన్నూ విను అన్నాడు. లోపల హుక్కా పీల్చినట్టు గులగులమని నీళ్ళ చప్పుడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. అక్కడ హాపో అంటారు.

డాక్టర్ ఆక్సిజన్ పెట్టి ఒకే మాట చెప్పాడు, కిందికి దింపండి. జోజిలా మూత. మిగిలింది కార్గిల్, ద్రాస్ కన్నా రెండు వేల అడుగులు కింద. రాత్రి పదకొండు. బండి నాది.

మామూలుగా పగలు రెండు గంటల దారి. ఆ రాత్రి ఐదు గంటలు పట్టింది. ఉస్తాద్ కొన్ని మలుపుల్లో దిగి టార్చ్‌తో ముందు నడిచేవాడు, బూటుతో రోడ్డును తట్టి పాలా ఎక్కడుందో చూపించేవాడు. నేను బ్రేకు ముట్టకుండా మొదటి గేరులో ఆయన వెనక. వాడు నా పక్కనే కూర్చుని ఉన్నాడు, పడుకుంటే ఊపిరి ఆడదు. కోటు మీద బాపు గొంగడి కప్పాను. కేబిన్ అద్దం రెండు వేళ్ళు దించే ఉంచాను. వాడు మాట్లాడితే ఆయాసం, మాట్లాడకపోతే నాకు భయం. అందుకని నేనే మాట్లాడాను. ధర్మపురి గోదావరి, కొండగట్టు, జగిత్యాల పాత బస్టాండ్ దగ్గర మిర్చి బజ్జీలు, ఏది గుర్తొస్తే అది. వాడు గొంగడి అంచును గుప్పిట్లో పట్టుకుని ఊ కొడుతూ వచ్చాడు. కార్గిల్ దీపాలు కనిపించేసరికి వాడి పెదాల నీలం కొంచెం తగ్గింది. మందు కన్నా ముందు దిగడమే పని చేసిందన్నారు అక్కడి డాక్టర్.

వాడు బతికాడు. పిల్లలూ మనవలూ ఉన్నారు. ఏటా శివరాత్రి నాడు ఫోన్ చేసి, "అన్నా, సలి శివశివా అనుకుంట పోయిందా?" అని అడుగుతాడు.

* * *

2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో 19,600 అడుగుల మీద సోనమ్ పోస్టు పైన మంచు విరిగిపడి పది మంది మద్రాస్ రెజిమెంట్ వాళ్ళు కింద కూరుకుపోయారు. ఆరు రోజుల తర్వాత లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతో దొరికినప్పుడు మా హన్మకొండ ఇంట్లో టీవీ ముందు నుంచి లేవలేదు. ఫిబ్రవరి 11న ఆయన పోయారని చెప్పాక టీవీ కట్టేసి మేడ మీదికి పోయాను. మేడ మీద ఎండ వెచ్చగా ఉంది. పక్కింటివాళ్ళు మిరపకాయలు ఎండబోస్తున్నారు.

ఇప్పుడు సోనమర్గ్ దగ్గర ఆరున్నర కిలోమీటర్ల సొరంగం 2025 జనవరిలో తెరిచారు. జోజిలా కింద పదమూడు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం పని మన హైదరాబాద్ కంపెనీ మేఘా చేతిలో ఉంది. అది పూర్తయితే చలికాలం ద్రాస్ నుంచి రోగిని శ్రీనగర్ చేర్చవచ్చు. షైతానీ నాలా కింద నుంచి వెళ్ళేవాళ్ళకు పైన ఏముందో తెలియకపోయినా నాకు సంతోషమే. ఉస్తాద్ ఈ సంగతి వినలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఉత్తరం వచ్చింది, వాళ్ళ అబ్బాయి హిందీలో రాశాడు.

* * *

ఆటోనగర్‌లో ఆ పిల్లగాడు బేరింగులు తుడిచి పక్కన పెట్టాడు. నేను మూలన ఉన్న స్టవ్వు వైపు చూసి, రాత్రి ఇక్కడే పడుకుంటారా అని అడిగాను.

"ముగ్గురం పంటం కాకా. సలి మస్తు గొడ్తుంది. స్టవ్ ముట్టించుకొని షట్టర్ కిందికి గుంజుకుంటం."

"మొత్తం?"

"మొత్తమే. లేకుంటె గాలొస్తది."

వద్దు అన్నాను. ఏం కాదు కాకా, పోయినేడు గిట్లనే పన్నం అన్నాడు. అప్పుడు వాడికి ఆ షెల్టర్ సంగతి చెప్పాను. మొత్తం కాదు, తలుపు విరగ్గొట్టడం, ఎర్రటి బుగ్గలు, కెటిల్‌లో గడ్డకట్టిన నీళ్ళు. వాడి చేతిలో బ్రష్ ఆగిపోయింది. పొద్దున లేస్తే తల నొస్తది కాకా, అని మెల్లగా అన్నాడు.

బయట గోడ పక్కన సగం ఇటుక దొరికింది. తెచ్చి షట్టర్ కింద పెట్టి కిందికి లాగాను. నాలుగు వేళ్ళ సందు మిగిలింది. వెనక గోడకు ఉన్న చిన్న కిటికీకి అట్ట కొట్టి ఉంటే అదీ పీకించాను. పడుకునే ముందు స్టవ్వు ఆర్పేయాలని ఒట్టు పెట్టించుకున్నాను. మధ్యాహ్నం ఇంటికి పోయి మూడు రగ్గులు తెచ్చిచ్చాను.

వారం తర్వాత ట్రాలీ కోసం పోయాను. నిద్ర పట్టక ఆరింటికే చేరాను. ఆటోనగర్ అంతా మంచు, ఇరవై అడుగుల అవతల లారీ కనపడటం లేదు. షెడ్డు షట్టర్ కిందికి ఉంది. వంగి చూశాను. ఇటుక అక్కడే ఉంది. ఆ సందు దగ్గర చెవి పెడితే లోపల నుంచి గురక వినపడింది. ఒకటి కాదు, రెండు మూడు గొంతులు.

షట్టర్ కొట్టలేదు. ఎదురుగా చాయ్ బండి అప్పుడే తెరుస్తున్నారు, పోయి అక్కడ కూర్చున్నాను.